సంగటి మానేసిన ఏడాది

మన బడి సంచికకు ఏదైనా రాసివ్వమని గ్రూపులో అడిగినప్పుడు, నేను పరుగు పందేల గురించి రాస్తానని అందరూ అనుకుని ఉంటారు. గెలిచిన కప్పులు, ప్రేయర్‌లో మీరు కొట్టిన చప్పట్లు మీకూ గుర్తున్నాయి. 2000 నవంబరు నుంచి మూడు నెలలు నేను రోజూ గ్రౌండుకు వచ్చి ఒక్క రౌండు కూడా పరిగెత్తకుండా వెళ్ళిపోయేదాన్ని. ఎందుకో మీలో చాలామందికి తెలియదు. అప్పుడు నేనే ఎవరికీ చెప్పలేదు.

మన గ్రౌండులో 400 మీటర్ల ట్రాక్ పట్టదు. మన ఆటల మేడమ్ సున్నంతో 200 మీటర్లకు గీత వేయించేవారు. 3000 మీటర్లంటే 15 రౌండ్లు, రౌండుకు రెండు మలుపులు, అన్నీ ఎడమ చేతివైపే. వాన పడి ఎండిందంటే ఆ నేల బండలా తయారయ్యేది. మనలో ఎక్కువమందిమి ఉత్త కాళ్ళతోనే పరిగెత్తేవాళ్ళం. తొమ్మిదో తరగతిలో నేను జోన్‌లో మొదట వచ్చాను. జిల్లా పోటీలు తిరుపతిలో అని తెలిసిన రోజు నుంచి ఎవరూ చెప్పకుండానే ప్రాక్టీసు రెట్టింపు చేశాను. పొద్దున గ్రౌండు, సాయంత్రం మదనపల్లె పోయే తారు రోడ్డు. టమోటా బుట్టలతో మార్కెట్‌కు పోయే టెంపోల వెనక కొంత దూరం పరిగెత్తడం నాకు చాలా ఇష్టంగా ఉండేది.

మేడమ్ మనకు పీటీ ఉష గురించి చెప్పేవారు, గుర్తుందా? 1984 లాస్ ఏంజిలిస్ ఒలింపిక్స్, 400 మీటర్ల హర్డిల్స్, సెకనులో నూరో వంతు తేడాతో చేజారిన కాంస్యం. వింటూ చాలామంది కళ్ళు తుడుచుకునేవాళ్ళు. నేను మాత్రం ఆ నూరో వంతును లెక్కగా తీసుకున్నాను. ఒళ్ళు తేలికైతే ఆ నూరో వంతు నాకు దొరుకుతుంది అనుకున్నాను. అప్పటినుంచి రాత్రి సంగటి మానేశాను. చెనక్కాయల ఊరిబిండి అంటే ప్రాణం, అదీ మానేశాను. పొద్దున టీ, మధ్యాహ్నం డబ్బాలో సగం అన్నం. "తినకుంటే కాళ్ళకు సత్తువ యాడనుంచి వస్తుందే" అని అవ్వ రోజూ పోరేది. బడిలోనే తిన్నానని అబద్ధం చెప్పేదాన్ని.

ఆ ఆగస్టులో నాకు నెలసరి ఆగిపోయింది. ఈ మాట ఇక్కడ రాయాలా వద్దా అని చాలా రోజులు ఆలోచించాను. అప్పుడు నాకు భయం వేయలేదు, హాయిగా అనిపించింది. మూడు రోజులు దూరం కూర్చోనక్కర్లేదు, ప్రాక్టీసు పోదు. అమ్మ ఒకసారి అడిగితే ఏదో చెప్పి తప్పించుకున్నాను. ఈ వయసులో అటూ ఇటూ అవుతుందిలే అని అమ్మ కూడా ఊరుకుంది.

నొప్పి అక్టోబరులో మొదలైంది. ఎడమ కాలి ముందు ఎముక, మడమకు జానెడు పైన, లోపలి పక్క. మొదట పదో రౌండు తర్వాత వచ్చేది. వారానికి అయిదో రౌండుకే వచ్చేది. ఇంకో వారానికి నడుస్తుంటేనే తెలిసేది. రాత్రి దుప్పట్లో కూడా సలుపుతుండేది. బొటనవేలితో తడుముకుంటే రూపాయి బిళ్ళంత చోటు, అక్కడ నొక్కితే ప్రాణం పోయినట్టు ఉండేది. బెణికిందని చెబితే నాన్న ఎక్స్‌రే తీయించారు. అందులో ఏమీ కనపడలేదు. నాకు కావలసింది అదే. ఎక్స్‌రేలో లేనిది కాలిలోనూ లేనట్టే అనుకున్నాను. ఎముకకు ఇలాంటి సన్నని చీలిక వచ్చిన మొదటి రెండు మూడు వారాలు ఎక్స్‌రేలో చాలాసార్లు కనపడదనీ, మానడం మొదలై కొత్త ఎముక కట్టుకుంటుంటేనే బయటపడుతుందనీ నాకు తెలిసింది ఎన్నో ఏళ్ళ తర్వాత.

తిరుపతి యూనివర్సిటీ స్టేడియంలో ఏడున్నర రౌండ్లు పళ్ళు బిగించి పరిగెత్తాను. రెండో స్థానం వచ్చింది. రాష్ట్ర పోటీలకు ఎంపికయ్యాను. బస్సులో అందరూ పాటలు పాడుతుంటే నేను కాలు బ్యాగు మీద పెట్టుకుని కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

దొరికిపోయింది తొక్కుడుబిళ్ళ దగ్గర. మధ్యాహ్నం బెల్లుకు ముందు మీరు చింతచెట్టు కింద ఆడుతూ నన్నూ పిలిచారు. కుడి కాలితో గళ్ళు దాటాను. తిరిగొచ్చేటప్పుడు ఎడమ కాలితో ఎగరాలి. ఒక్క గడి ఎగిరి కింద కూర్చుండిపోయాను. వరండాలోంచి మేడమ్ చూశారు. దగ్గరికి వచ్చి, "లే, ఆ కాలితోనే ఇంకోసారి ఎగురు" అన్నారు. ఎగరలేకపోయాను. మేడమ్ తిట్టలేదు. నా పక్కన కూర్చుని వేలితో ఎముక పొడవునా తడుముతూ వచ్చి సరిగ్గా ఆ రూపాయి బిళ్ళ దగ్గర ఆగారు. "ఎన్నాళ్ళ నుంచి?" అన్నారు. ఐదు వారాలన్నాను.

రెండో ఎక్స్‌రేలో సన్నని గీత, దాని చుట్టూ మబ్బులా కొత్త ఎముక. ఎనిమిది వారాలు పరుగు వద్దన్నారు. తిరుపతిలో మూడో స్థానంలో వచ్చిన అమ్మాయి నా బదులు రాష్ట్ర పోటీలకు వెళ్ళింది. ఆ పోటీ జరిగిన రోజు నేను బడికి రాలేదు. పొద్దున అయిదున్నరకు ఎప్పటిలాగే మెలకువ వచ్చింది. లేచి ఏం చేయాలో తెలియలేదు. దెబ్బ తగిలిన వాళ్ళకు నొప్పి కంటే కష్టమైనది ఈ మెలకువ. ఒళ్ళు సిద్ధంగా ఉంటుంది, పోవడానికి చోటు ఉండదు.

సోమవారం మేడమ్ కబురు పంపి గ్రౌండుకు రప్పించారు. చేతిలో స్టాప్‌వాచ్, నోటుబుక్కు పెట్టారు. ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలు పరిగెత్తుతుంటే రౌండు రౌండుకూ టైము రాయడం నా పని. మొదటి వారం వాళ్ళను చూస్తే ఏడుపొచ్చేది. రెండో వారం నుంచి అంకెలు మాట్లాడడం మొదలుపెట్టాయి. అందరూ మొదటి రెండు రౌండ్లు ఉరుకుతున్నారు, తొమ్మిది నుంచి పన్నెండు వరకు చతికిలబడుతున్నారు, చివరి రెండింటికి మళ్ళీ లేస్తున్నారు. నేనూ అంతే చేసేదాన్నని పాత నోటుబుక్కు చూస్తే తెలిసింది. 3000 మీటర్ల పరుగు ఆ నడిమి నాలుగు రౌండ్లలో ఉందని కూర్చున్నప్పుడే నేర్చుకున్నాను.

బడికి నాలుగు కిలోమీటర్లు నడిచి వచ్చేదాన్ని, నాన్న పాత సైకిల్ బాగు చేయించి ఇచ్చారు. మామ వాళ్ళ బావిలో ఈత కొట్టేదాన్ని. ఈత బాగా వచ్చినా నడుముకు సొరబుర్రలు కట్టుకుని, నీళ్ళలో నిలువుగా ఉండి పరిగెత్తుతున్నట్టు కాళ్ళాడించేదాన్ని. అది నా అంతట నేను కనిపెట్టాననుకున్నాను. పెద్ద పెద్ద రన్నర్లు దెబ్బ తగిలినప్పుడు లోతు నీళ్ళలో చేసేదీ ఇదేనని తర్వాత తెలిసింది. ఉష పతకం పోగొట్టుకున్న ఆ 1984 ఒలింపిక్స్‌లోనే మహిళలకు మొదటిసారి మారథాన్ పెట్టారు. గెలిచిన జోన్ బెనోయిట్ మోకాలి ఆపరేషన్ అయిన 17 రోజులకు అమెరికా జట్టు ఎంపిక పోటీ గెలిచింది. ఆ 17 రోజుల సంగతి అందరూ చెబుతారు. కాలు కదపలేనప్పుడు ఆమె సైకిల్ పెడళ్ళను చేతులతో తిప్పిందనేది తక్కువమంది చెబుతారు. నాకు ఆ రెండోది ఎక్కువ నచ్చింది.

సంగటి కూడా తిరిగి వచ్చింది. అవ్వ ఏమీ అడగకుండా కంచంలో ముద్ద పెట్టి, నేను తినేదాకా ఎదురుగా కూర్చునేది. నూరు గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైనే కాల్షియం ఉంటుందని అవ్వకు తెలియదు. ఎముక విరిగినవాళ్ళు సంగటి తినాలని తెలుసు.

ఫిబ్రవరిలో మేడమ్ ముందుగా తొక్కుడుబిళ్ళ ఆడించారు. ఎడమ కాలితో పది గెంతులు, నొప్పి లేదు. తర్వాత ఒక నిమిషం పరుగు, ఒక నిమిషం నడక, అలా పది సార్లు. మొదటి నిమిషం కాలి మీద నమ్మకం లేక గుడ్లమీద నడిచినట్టు పరిగెత్తాను. నాలుగో నిమిషానికి కాలి సంగతే మరిచిపోయాను. పదో తరగతిలో మళ్ళీ జిల్లాకు వెళ్ళి మూడో స్థానంలో వచ్చాను. రాష్ట్ర పోటీలకు మాత్రం ఎప్పుడూ వెళ్ళలేదు.

ఇదంతా అక్కడితో అయిపోయిందనుకున్నాను. 2016లో బెంగళూరులో కుడి కాలికి అదే చోట అదే నొప్పి వచ్చింది. ఉద్యోగం, చిన్న పిల్లవాడు, ఖాళీ కడుపుతో కబ్బన్ పార్కులో పరుగు. ఫిజియోథెరపిస్ట్ ఒంటి కాలి మీద ఎగరమంది. నాకు చింతచెట్టు కనిపించింది. తర్వాత ఆమె కాలి గురించి ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. రోజంతా ఏం తింటున్నారు, నెలసరి సరిగ్గా వస్తోందా, ఇంతకుముందు ఎప్పుడైనా ఆగిందా అని అడిగింది.

ఆమె చెప్పింది ఇది. ఎముక రోజూ తనలో పాతదాన్ని కొంచెం తవ్వుకుని కొత్తది నింపుకుంటుంది. పరుగు ఒక్కసారిగా పెంచితే తవ్వడం ముందు పడుతుంది, నింపడం వెనకబడుతుంది. దానికి తోడు తిండి చాలకపోతే ఒళ్ళు పొదుపు మొదలుపెడుతుంది. ముందు నెలసరిని ఆపుతుంది. ఎముకను కాపాడే ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ తగ్గిపోతుంది. తిండి చాలకపోవడం, నెలసరి ఆగడం, ఎముక బలహీనపడడం, ఆడపిల్లల్లో కనిపించే ఈ మూడింటినీ కలిపి 1992లోనే డాక్టర్లు ఫిమేల్ అథ్లెట్ ట్రయాడ్ అని పేరు పెట్టారు. మగపిల్లలకూ తిండి చాలక ఇలాంటి నష్టం జరుగుతుందని 2014లో ఒలింపిక్ కమిటీ దాన్ని విస్తరించి రెడ్-ఎస్, అంటే ఆటలాడే ఒంటికి కావలసినంత శక్తి అందకపోవడం, అంది. నేను తొమ్మిదో తరగతిలో హాయి అనుకున్నది నా ఒళ్ళు పెట్టిన మొర అని ఆ గదిలో, 30 ఏళ్ళ వయసులో తెలిసింది. ఇంటికి వచ్చి చాలాసేపు ఏడ్చాను. కాలి కోసం కాదు, ఆ పద్నాలుగేళ్ళ పిల్ల కోసం.

ఈ వ్యాసం మొదలుపెట్టే ముందు మేడమ్‌కు ఫోన్ చేశాను. రిటైరై చాలా ఏళ్ళయింది, గొంతు మాత్రం గ్రౌండుకు అటు చివర్నుంచి పిలిచినట్టే ఉంది. కాలి సంగతి ఆమెకు బాగా గుర్తుంది. నెలసరి ఆగిపోవడం, సంగటి మానేయడం, అన్నీ మొదటిసారి చెప్పాను. అవతల కాసేపు మాట లేదు.

"నాకూ అట్లే ఉండింది" అన్నారు మేడమ్. "యూనివర్సిటీ టీమ్‌లో ఉన్నప్పుడు, ఏడాదిన్నర. మా కోచ్ మగాయన, ఎట్లా చెప్పేది? నిన్ను ఆ పొద్దు చెట్టు కింద అడిగుండాల్సింది. నోటి దాకా వచ్చింది. అడగలేదు."

మీరు అడగకపోయినా స్టాప్‌వాచ్ ఇచ్చారు మేడమ్ అన్నాను. ఆమె ఆ మాట పట్టించుకోలేదు. ఇప్పుడు గ్రౌండులో ఎంతమంది ఆడపిల్లలు పరిగెత్తుతున్నారో కనుక్కోమన్నారు. ఈ సంచిక వాళ్ళకు కూడా ఇస్తారా అని అడిగారు. ఇస్తారన్నాను.

"అయితే ఏదీ దాచొద్దు, నా సంగతి కూడా రాయి" అన్నారు.