ముప్పై ఆరేళ్ల డ్యురాంట్ మా ఊరికి

22 జూన్ 2025, ఆదివారం
షుగర్‌ల్యాండ్

పెరట్లో గోంగూర కోస్తుంటే పిల్లాడు ఫోను పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. "అమ్మా, గ్రీన్‌ని పంపించేశారు" అన్నాడు. బాస్కెట్‌బాల్ స్టార్ కెవిన్ డ్యురాంట్ మా జట్టుకి వస్తున్నాడన్నది ఆ తర్వాత చెప్పాడు.

అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో ఆడే ఫీనిక్స్ సన్స్ జట్టు డ్యురాంట్‌ని మన హ్యూస్టన్ రాకెట్స్‌కి ఇస్తోంది. బదులుగా మనవాళ్లు జేలన్ గ్రీన్‌ని, డిలన్ బ్రూక్స్‌ని, ఈ బుధవారం జరిగే డ్రాఫ్ట్‌లో (జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లని ఎంచుకునే కార్యక్రమం) పదో పిక్‌ని, అంటే పదో వంతులో ఎంచుకునే హక్కుని, ఇంకా అయిదు రెండో రౌండు పిక్‌లను ఇస్తున్నారు. న్యూయార్క్‌లో ఒక కార్యక్రమంలో వేదిక మీద ఉండగానే డ్యురాంట్‌కీ ఈ కబురు అందింది. జనం అరుస్తుంటే అతను నవ్వుతున్న వీడియో పిల్లాడు చూపించాడు. హ్యూస్టన్, శాన్ ఆంటోనియో, మయామీ, ఈ మూడిట్లో ఒకదానికి వెళ్లాలని అతనికి ఉందని కొన్నాళ్లుగా వింటూనే ఉన్నాం. అయినా నిజంగా జరిగేసరికి ఆకు కోయడం ఆపి అక్కడే నిలబడిపోయాను.

నాకు ఈ ట్రేడ్ నచ్చింది. ఎందుకు నచ్చిందో ఇవాళ్టి రోజంతా ఇద్దరికి చెప్పాల్సి వచ్చింది. పొద్దున పిల్లాడికి, మధ్యాహ్నం బాబాయ్‌కి.

పిల్లాడి బాధ నాకు తెలుసు. గ్రీన్ 2021లో డ్రాఫ్ట్‌లో రెండోవాడిగా వచ్చాడు. అప్పటికి వీడు రెండో తరగతి. ఆ ఏడాది జట్టు 20 గెలిచి 62 ఓడింది, మరుసటేడు 22 గెలిచి 60 ఓడింది. ఎవరికీ పట్టని ఆ రోజుల్లో, ఓడిపోతున్న జట్టులో, రాత్రి పూట వీడు నిద్ర ఆపుకుని కూర్చున్నది గ్రీన్ ఎగిరి బంతిని రింగులో కొట్టడం చూడటానికే. పోయిన రెండు సీజన్లలోనూ గ్రీన్ మొత్తం 82 మ్యాచ్‌లూ ఆడాడు. ఒక్కటీ మానలేదు. ఈ కాలంలో అంత పేరున్నవాళ్లు అలా ఆడటం చాలా అరుదు. దానికి తగినంత మెచ్చుకోలు అతనికి ఈ ఊళ్లో దక్కలేదనే అనుకుంటాను.

కానీ ఏప్రిల్, మే నెలల్లో జరిగింది కూడా చూశాం కదా. 52 మ్యాచ్‌లు గెలిచి వెస్ట్‌లో, అంటే లీగ్‌లోని పశ్చిమ విభాగంలో, రెండో స్థానంలో నిలిచిన జట్టు, సీజన్ చివర కప్పు కోసం జరిగే ప్లేఆఫ్స్ మొదటి రౌండులోనే, ముందు నాలుగు గెలిచినవాళ్లు నిలిచే పోటీలో, గోల్డెన్ స్టేట్ చేతిలో ఏడో మ్యాచ్‌దాకా వెళ్లి ఓడింది. ఆ ఏడు మ్యాచ్‌ల్లో గ్రీన్ పాయింట్లు వరసగా 7, 38, 9, 8, 11, 12, 8. ఆ 38 వచ్చిన రాత్రి ఇల్లంతా ఒకటే గోల. మిగతా ఆరు రాత్రులూ అతను ఎంత ప్రయత్నించినా దారి దొరకలేదు. 3-1తో వెనకబడి కూడా పుంజుకుని సమం చేసిన జట్టు, చివరి మ్యాచ్‌లో సొంత ఊళ్లో, టొయోటా సెంటర్‌లో, 89 పాయింట్ల దగ్గర ఆగిపోయింది. అటువైపు బడీ హీల్డ్ ఒక్కడే 33 కొట్టాడు.

తప్పు గ్రీన్ ఒక్కడిది కాదు. మన జట్టు ఏడాదంతా నెట్టుకొచ్చింది డిఫెన్స్‌తో, తప్పిపోయిన తమ షాట్లను తామే మళ్లీ అందుకోవడంతో. రీబౌండ్ కోసం అంత కొట్లాడే జట్టు లీగ్‌లో ఇంకోటి లేదు. ప్లేఆఫ్స్‌లో ఆట నెమ్మదిస్తుంది. పరుగెత్తి వేసే బుట్టలు తగ్గిపోతాయి, అవతలివాళ్లు మన ఎత్తులన్నీ చదివేసి ఉంటారు. షాట్ వేయడానికి ఇచ్చే ఇరవై నాలుగు సెకన్లలో పద్దెనిమిది అయిపోయాక బంతి ఎవరి చేతికివ్వాలి? ఈ ప్రశ్నకి మన దగ్గర జవాబు లేదు. మన ఆటగాళ్లలో షెంగూన్ రింగుకి వీపు పెట్టి ఆడతాడు, అతని మీదకి ఇద్దరొస్తారు. ఆమెన్ థాంప్సన్‌కి దూరం నుంచి షాట్ ఇంకా కుదరలేదు కాబట్టి అతన్ని వదిలేస్తారు.

డ్యురాంట్ ఆ జవాబు. పోయిన సీజన్‌లో, అదీ 36 గెలిచి 46 ఓడిన జట్టులో, మ్యాచ్‌కి సగటున 26.6 పాయింట్లు చేశాడు. వేసిన షాట్లలో 52.7 శాతం పడ్డాయి, మూడు పాయింట్ల షాట్లయితే 43 శాతం. ఆరడుగుల పదకొండంగుళాల మనిషి, చేతులు ఇంకా పొడుగు, బంతిని అంత ఎత్తు నుంచి వదులుతాడు. ఎదుటివాడు చెయ్యి అడ్డం పెట్టినా పెట్టకపోయినా అతనికి ఒకటే. కాలేజీ జట్టులో ఆడే రోజుల్లో మా కోచ్ చెప్పేవారు, ఎగిరే కాళ్ల మీద ఆధారపడ్డ ఆట ముందు పోతుంది, మణికట్టు మీద ఆధారపడ్డ ఆట చివరిదాకా ఉంటుంది అని. డ్యురాంట్‌ది మణికట్టు ఆట. సెప్టెంబరు 29కి 37 నిండుతాయని తెలిసి కూడా నేను భయపడనిది అందుకే.

మధ్యాహ్నం బాబాయ్, పిన్ని భోజనానికొచ్చారు. గోంగూర పప్పు వడ్డిస్తూనే ఉన్నాను, బాబాయ్ మొదలుపెట్టేశాడు. "మళ్లీ అదే పని చేశారే అమ్మాయ్!" అని.

బాబాయ్ 80ల మొదట్లో యూనివర్సిటీ ఆఫ్ హ్యూస్టన్‌కి చదువుకోడానికొచ్చాడు. క్లైడ్ డ్రెక్స్‌లర్, హకీమ్ ఒలాజువాన్ అదే క్యాంపస్‌లో ఆడిన రోజులవి. రాకెట్స్ చరిత్ర మా ఇంట్లో ఆయన నోటి నుంచి వినాల్సిందే. ఈ ఊరు ఈ పని ఇదివరకు రెండు సార్లు చేసింది అన్నాడు. 1995 ఫిబ్రవరిలో, సీజన్ మధ్యలో, ముందటేడు కప్పు గెలిచిన జట్టులోంచి ఓటిస్ థార్ప్‌ని పోర్ట్‌లాండ్‌కి ఇచ్చి 32 ఏళ్ల డ్రెక్స్‌లర్‌ని తెచ్చారు. అంతా తిట్టారట. 47 మ్యాచ్‌లు గెలిచి వెస్ట్‌లో ఆరో స్థానంలో మిగిలిన ఆ జట్టు యూటాని, 3-1తో వెనకబడి కూడా ఫీనిక్స్‌ని, 62 గెలిచిన శాన్ ఆంటోనియోని దాటి, ఫైనల్లో ఒర్లాండోని నాలుగుకి నాలుగూ ఓడించింది. ఆ రాత్రి సంగతి చెప్పేటప్పుడు బాబాయ్ కళ్లు ఇప్పటికీ మెరుస్తాయి.

తర్వాత ఏడాది, 1996 వేసవిలో, చార్ల్స్ బార్క్లీ. "అప్పుడూ ఫీనిక్స్ నుంచే" అన్నాడు బాబాయ్. బార్క్లీకి 33. ఇచ్చిందేమో శామ్ కసెల్‌ని, రాబర్ట్ హోరీని, ఇంకో ఇద్దరిని. కసెల్, హోరీ ఇద్దరూ ఇరవయ్యుల్లో ఉన్నవాళ్లు, రెండు కప్పుల్లోనూ చెయ్యి ఉన్నవాళ్లు. 57 గెలిచారు, 1997లో వెస్ట్ ఫైనల్ దాకా వెళ్లారు, ఆరో మ్యాచ్ ఆఖరి క్షణంలో జాన్ స్టాక్టన్ షాట్‌తో అయిపోయింది. మరుసటేడు 41-41. హోరీ వేరే ఊళ్లలో ఇంకో అయిదు కప్పులు గెలిచాడు. "విత్తనపు వడ్లు దంచుకు తిన్నారు" అన్నాడు బాబాయ్. ఆ మాట అనేటప్పుడు ముద్ద చేతిలోనే ఉండిపోయింది ఆయనకి.

నేను ఒప్పుకోలేదు. "బాబాయ్, 1996లో బార్క్లీ ముసలివాడవడం ఒక్కటే కాదు కదా. ఒలాజువాన్‌కీ 33, డ్రెక్స్‌లర్‌కి 34. ముగ్గురూ ఒకేసారి దిగిపోయారు, వెనక నిలబడేవాళ్లని మనమే పంపేశాం. ఇప్పుడు చూడు. షెంగూన్, ఆమెన్, జబారి స్మిత్, ముగ్గురికీ 22. రీడ్ షెపర్డ్‌కి ఎల్లుండితో 21. వీళ్లలో ఒక్కణ్నీ ఇవ్వలేదు." షెంగూన్ ఈ ఏడాది లీగ్‌లోని మేటి ఆటగాళ్ల ఆల్‌స్టార్ మ్యాచ్‌కి ఎంపికయ్యాడు. ఆమెన్‌ని లీగ్‌లోని అయిదుగురు అత్యుత్తమ డిఫెండర్లలో ఒకడిగా ఎంచారు. డ్యురాంట్ మోకాళ్లు రేపు మొరాయించినా ఈ జట్టు కూలిపోదు. వయసు చూడాల్సింది వచ్చేవాడిది మాత్రమే కాదు, అతని పక్కన నిలబడేవాళ్లది కూడా.

ఎంతిచ్చారన్నది ఇంకా ముఖ్యం. ఇదే డ్యురాంట్ కోసం 2023 ఫిబ్రవరిలో ఫీనిక్స్ బ్రూక్లిన్‌కి మికాల్ బ్రిడ్జెస్‌ని, కామ్ జాన్సన్‌ని, నాలుగు మొదటి రౌండు పిక్‌లను ఇచ్చింది. ఆ ఏడాది రెండో రౌండులో ఓడారు, తర్వాతి ఏడాది మొదటి రౌండులో ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు, ఈ ఏడాది ప్లేఆఫ్స్‌కే రాలేదు. డ్యురాంట్ బాగానే ఆడాడు. అతని చుట్టూ ఆడేవాళ్లని కొనడానికి వాళ్ల దగ్గర ఏమీ మిగల్లేదు, అదీ జరిగింది. ఇవాళ మనం ఫీనిక్స్‌కి ఇస్తున్న పదో పిక్ అసలు ఫీనిక్స్‌దే. అప్పట్లో బ్రూక్లిన్‌కి ఇచ్చిన వాటిలో ఒకటి, చేతులు మారి మన దగ్గరకొచ్చింది. తమ పిక్ తాము వెనక్కి తెచ్చుకోడానికి వాళ్లు డ్యురాంట్‌ని వదులుకోవాల్సి వచ్చింది. బాబాయ్‌కి ఈ సంగతి కొత్త. కాసేపు ఆలోచించి, "అయితే గ్రీన్ సంగతి?" అన్నాడు.

గ్రీన్‌కి 23. ఇంకా ఎదుగుతాడు. ఫీనిక్స్‌లో 25 పాయింట్లు చేసినా ఆశ్చర్యపోను, సంతోషిస్తాను. అది తెలిసే ఈ ట్రేడ్ సరైందంటున్నాను.

సాయంత్రం ఏడింటికి ఫైనల్ ఏడో మ్యాచ్, ఓక్లహోమా సిటీలో. డ్యురాంట్ ఎనిమిదేళ్లు ఆడి వదిలొచ్చిన ఊరు. అందరం కలిసి చూశాం. ఓక్లహోమా 103-91తో ఇండియానాని ఓడించి కప్పెత్తింది. ఓక్లహోమా స్టార్ షే గిల్జస్ అలెగ్జాండర్ ఆడుతున్నంతసేపూ పిల్లాడు నన్నే చూస్తున్నాడు. చివరికి అడిగేశాడు, "అమ్మా, స్టార్‌ని అమ్మినవాళ్లే గెలిచారు కదా?" నిజమే. 2019లో పాల్ జార్జ్‌ని క్లిప్పర్స్‌కి ఇచ్చినప్పుడు వాళ్లకి షే వచ్చాడు, అయిదు మొదటి రౌండు పిక్‌లు వచ్చాయి, వాటిలో ఒకదానితో ఎంచుకున్నవాడే ఇవాళ వాళ్లకి ఆడిన జేలన్ విలియమ్స్. క్లిప్పర్స్ చేసిన తప్పు స్టార్‌ని కోరుకోవడం కాదు, షేని ఇవ్వడం. మనకి షే లాంటివాడెవడైనా ఉంటే అది ఆమెన్. అతను ఇక్కడే ఉన్నాడు. వాడు తలూపాడు, పూర్తిగా ఒప్పుకున్నట్టు లేడు. ఫర్వాలేదు, వాడి వయసుకి గ్రీన్ వైపు ఉండటమే న్యాయం.

మొదటి క్వార్టర్‌లోనే ఇండియానా ఆటగాడు హాలిబర్టన్ కింద పడ్డాడు. ఎవరూ తగల్లేదు, ముందుకు దూసుకెళ్లబోయి పడిపోయి నేలని చేత్తో కొడుతూ ఉండిపోయాడు. అకిలిస్, అంటే మడమ వెనక ఉండే స్నాయువు, అని వాళ్ల నాన్న చెప్పారని టీవీలో అన్నారు. పిక్క పట్టేసి ఉన్నా ఆడాడు పాపం. 2019 ఫైనల్లో డ్యురాంట్‌కి జరిగిందీ అదే. పిక్క గాయంతో నెలరోజులు కూర్చుని, టొరంటోలో అయిదో మ్యాచ్‌కి తిరిగొచ్చి, రెండో క్వార్టర్‌లో అదే స్నాయువు తెంపుకున్నాడు. ఏడాది పైన ఆటకి దూరమై, తిరిగొచ్చి అదే షాట్ వేశాడు. హాలిబర్టన్‌కి 25. మే నెలలో అదే గాయమైన బోస్టన్ టేటమ్‌కి 27. కాబట్టి కుర్రాళ్లయితే భయం లేదు, పెద్దవాడైతేనే ప్రమాదం అనే లెక్క నాకు కుదరదు. అయితే అలసటకి మాత్రం లెక్కుంది. పోయిన సీజన్‌లో డ్యురాంట్ 62 మ్యాచ్‌లు ఆడాడు, ఆడిన ప్రతిసారీ సగటున 36 నిమిషాలకు పైనే. ఫీనిక్స్‌కి వేరే దిక్కు లేదు. మనకుంది. కోచ్ ఇమే యుడోకా బ్రూక్లిన్‌లో సహాయ కోచ్‌గా ఉన్నప్పుడే డ్యురాంట్ గాయం నుంచి తిరిగొచ్చాడు, అతని శరీరం సంగతి ఆయనకి తెలుసు. నవంబరులో, జనవరిలో బరువు కుర్రాళ్లు మోయాలి. ఓ పది మ్యాచ్‌లు ఎక్కువ ఓడినా సరే, ఏప్రిల్‌కి డ్యురాంట్ కాళ్లు తాజాగా ఉండాలి.

ఇంకొక్కటి రాసి ఆపుతాను. అతని కాంట్రాక్టులో మిగిలింది ఒక్క ఏడాదే, 5 కోట్ల 40 లక్షల డాలర్ల పైమాటే. పొడిగించమని అడుగుతాడు, అడగడం అతని హక్కు. రెండేళ్లకి మించి ఇవ్వకూడదు. జబారికి, ఆమెన్‌కి, టారీ ఈసన్‌కి పెద్ద కాంట్రాక్టులు ఇవ్వాల్సిన సమయం దగ్గర పడుతోంది, ఆ డబ్బు ముందు వాళ్లకి.