సుద్దముక్కతో ఓబర్‌వోల్ఫాఖ్‌కి

ఓబర్‌వోల్ఫాఖ్ ఆహ్వానంలో లెక్క సూటిగా ఉంటుంది: వారం రోజుల బస, భోజనం వాళ్లవి, దారి ఖర్చు మనది. జర్మనీలో బ్లాక్ ఫారెస్ట్ కొండల మధ్య 1944లో విల్‌హెల్మ్ జ్యూస్ మొదలుపెట్టిన ఈ గణిత సంస్థకి మనంతట మనం పేరు నమోదు చేసుకుని వెళ్లడం కుదరదు, పిలిస్తేనే వెళ్లాలి. వర్క్‌షాప్‌కి యాభై మంది వరకు ఉంటారు.

యూనివర్సిటీలో పాఠాలు చెప్పేవాళ్లు ముందు క్లాసుల సంగతి చూడాలి. సెమిస్టర్ మధ్యలో వారం పోతే ఒక్కో కోర్సులో మూడు నాలుగు లెక్చర్లు పోతాయి. తిరిగొచ్చాక చెబుదామంటే పిల్లలందరికీ కలిసొచ్చే గంట దొరకదు. అందుకే సగం క్లాసులు వెళ్లేముందు శనివారాల్లోనే చెప్పేసి, మిగతావి ప్రాబ్లమ్ షీట్లతో ట్యుటోరియల్స్‌గా మార్చి రీసెర్చ్ స్కాలర్‌కి అప్పజెప్పాను. అక్కణ్ణుంచి ఆన్‌లైన్‌లో చెబుదామనుకుంటే, ఇక్కడి ఉదయం 10 గంటల క్లాసుకి అక్కడ ఎండాకాలంలో ఆరున్నర, చలికాలంలో ఐదున్నర.

జర్మనీ వెళ్లడానికి కావలసిన షెంగెన్ వీసాకి ఆరు నెలల ముందునుంచీ దరఖాస్తు పెట్టుకోవచ్చు. మామూలుగా 15 రోజుల్లో తేలుతుంది, అదనపు పరిశీలన పడితే 45 రోజుల దాకా సాగుతుంది. ఎక్కువగా తేడా వచ్చేది తేదీల దగ్గర. వర్క్‌షాప్‌కి ఆదివారం చేరాలి, శనివారం బయల్దేరాలి. యూనివర్సిటీ ఇచ్చే ఎన్‌ఓసీలో (అభ్యంతరం లేదనే పత్రం) మాత్రం సోమవారం నుంచి శుక్రవారం అని రాసిస్తారు. టికెట్, ఎన్‌ఓసీ, ఇన్సూరెన్స్ (కనీసం 30,000 యూరోలకి ఉండాలి) మూడూ ఒకదానితో ఒకటి కలవకపోతే ప్రశ్నలు మొదలవుతాయి. సెలవు దరఖాస్తులోనే ప్రయాణపు రోజులు కలిపి రాయడం మేలు. కేంద్ర ప్రభుత్వ నిధులతో వెళ్లేవాళ్లు విమానం టికెట్‌ని బామర్ లారీ, అశోక్ ట్రావెల్స్, ఐఆర్‌సీటీసీ అనే మూడు ఏజెన్సీల్లో ఏదో ఒకదాని ద్వారానే కొనాలి. వేరేచోట చవగ్గా దొరికిందని కొంటే బిల్లు ఆగుతుంది.

ఫ్రాంక్‌ఫర్ట్‌లో టెర్మినల్ 1ని ఆనుకునే దూరప్రయాణపు రైళ్ల స్టేషన్ ఉంది. అక్కణ్ణుంచి ఐసీఈ అనే వేగపు రైల్లో ఓఫెన్‌బుర్గ్ చేరాలి. నేరుగా బండి లేకపోతే కార్ల్స్‌రూహేలో మారాలి. ఓఫెన్‌బుర్గ్‌లో కోన్‌స్టాన్జ్ వైపు వెళ్లే బండెక్కి హౌజాఖ్‌లో దిగితే, అక్కడ ఫ్రాయిడెన్‌ష్టాట్ లైన్లో వెళ్లే చిన్న బండి కొద్ది నిమిషాల్లో వోల్ఫాఖ్‌లో దింపుతుంది. ముందుగా కొనే చవక టికెట్ ఆ ఒక్క బండికే చెల్లుతుంది. రైలు వల్ల గమ్యానికి 20 నిమిషాలు, ఆపైన ఆలస్యమయ్యేలా ఉంటే ఆ షరతు పోతుంది, వేరే బండి ఎక్కొచ్చు. కానీ విమానం ఆలస్యమైతే రైలువాళ్లకి సంబంధం లేదు, టికెట్ డబ్బులు పోయినట్టే. అందుకని దిగే రోజుకి ఏ బండికైనా చెల్లే ఖరీదైన టికెట్, తిరుగు ప్రయాణానికి చవకది తీసుకున్నాను. ఆదివారం దుకాణాలు మూసేస్తారు. పల్లె బస్సులూ తక్కువే. తినడానికేమైనా ఎయిర్‌పోర్టులోనే కొనుక్కుని, వోల్ఫాఖ్‌లో టాక్సీకి ముందే చెప్పి ఉంచుకోవాలి.

సంస్థ గుమ్మం ముందే బాయ్ తలం అనే వంపుల ఆకారపు నమూనా నిలబడి ఉంటుంది. ప్రొజెక్టివ్ తలాన్ని (సమతలానికి అనంత దూరంలోని బిందువుల్ని కూడా చేర్చితే వచ్చేది) మూడు మితుల్లోకి, అంటే మనముండే మామూలు స్థలంలోకి, ఇలా మడవొచ్చని 1901లో వెర్నర్ బాయ్ కనిపెట్టాడు. తనను తాను కోసుకుంటూ పోయే ఆ లోహపు పట్టీల చుట్టూ ఒకసారి తిరిగి చూస్తే, పుస్తకంలోని బొమ్మ ఎందుకు అర్థం కాలేదో తెలుస్తుంది.

ఇక్కడి అసలు ఏర్పాటు భోజనాల గదిలో ఉంది. మధ్యాహ్నం, రాత్రి ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలో మన చేతిలో ఉండదు. పేరు రాసిన సంచుల్లో గుడ్డ నాప్కిన్లు ఉంటాయి, పూటపూటకీ వాటిని కలిపేసి టేబుళ్ల మీద పెడతారు. ఈ పద్ధతి లేకపోతే మనవాళ్లం ఒక టేబుల్, ఫ్రెంచివాళ్లు ఇంకో టేబుల్ అయిపోతాం. నాకు ఇక్కడ ఉపన్యాసాల కన్నా ఈ నాప్కిన్ల వల్లే ఎక్కువ లాభం కనిపించింది. చేసే పనిని బోర్డు లేకుండా, గుర్తులు రాయకుండా నాలుగు వాక్యాల్లో చెప్పడం ఇంటిదగ్గరే సాధన చేసుకెళ్లాలి. శాకాహారులు ఆ సంగతి నమోదు ఫారంలోనే రాయాలి, వంటింట్లో చెబుదామంటే ఆలస్యమైపోతుంది.

అందరికీ ఉపన్యాసం దక్కదు. ఎవరు, ఎప్పుడు అనేది చాలావరకు అక్కడికి చేరాకే తేలుతుంది కనుక సిద్ధంగా ఉండాల్సిందే. సుద్దముక్కతో చెప్పాలనుకుంటే స్లైడ్ల లెక్క పనికిరాదు. చేతిరాతలో ఏడెనిమిది ఏ4 పేజీలు దాటితే గంటలో ఇమడదు. ప్రధాన సిద్ధాంతాన్ని ఒక బోర్డు మీద రాసి చివరిదాకా చెరపకుండా ఉంచాలి. అది చెరిపేస్తే వెనక వరసలోంచి "మళ్లీ ఒకసారి రాస్తారా?" అనడం ఖాయం.

బుధవారం మధ్యాహ్నం ఉపన్యాసాలుండవు. అడవిదారిన సాంక్ట్ రోమన్ అనే దగ్గర్లోని ఊరికి నడిచివెళ్లి కేకు తినడం ఆనవాయితీ. తడిసిన ఆకుల మీద నున్నటి అరికాళ్ల బూట్లు జారతాయి. బ్లాక్ ఫారెస్ట్ కేకులో చెర్రీ సారా కలుపుతారు, మందు ముట్టనివాళ్లు వేరే కేకు అడగాలి.

ఉపన్యాసం ఇచ్చినవాళ్లు ఒకటి నుంచి మూడు పేజీల సారాంశాన్ని లేటెక్‌లో (గణితం టైపు చేసే సాఫ్ట్‌వేర్) రాసి ఇవ్వాలి. ఊరికి వెళ్లాక రాద్దామనుకుంటే పేరుకుపోయిన దిద్దుడు పేపర్లు ఊపిరాడనివ్వవు. శుక్రవారం రాత్రే పంపేయడం నయం. కేంద్ర నిబంధనల ప్రకారం టీఏ (ప్రయాణ ఖర్చుల) బిల్లు 60 రోజుల్లో పెట్టాలి. ఫోన్లోని బోర్డింగ్ పాసు విమానం దిగాక యాప్‌లోంచి మాయమైపోవచ్చు, గేటు దగ్గరే పీడీఎఫ్‌గా దాచుకోవాలి. రైలు టికెట్ జర్మన్‌లో ఉంటే దాని పక్కన ఊళ్ల పేర్లు, తేదీ, యూరోలు పెన్సిల్‌తో రాసిస్తే ఆడిట్‌వాళ్లు వెనక్కి పంపరు.