పదిహేను వాట్ల పయొనీర్: పని ఎంతవరకు వచ్చిందంటే

బాబాయి న్యూజెర్సీలో ఇల్లు ఖాళీ చేస్తూ ఫోన్ చేశారు. "ఒరేయ్, బేస్‌మెంట్లో నా పాత స్టీరియో ఉంది. నీకు కావాలా, పారేయమంటావా?" పారేయడం అనే మాట వినగానే కావాలనేశాను. పిన్ని దాన్ని రెండు దుప్పట్లలో చుట్టి సూట్‌కేసులో పెట్టుకొని హైదరాబాద్ తెచ్చింది. దుప్పట్లు విప్పితే పయొనీర్ ఎస్ఎక్స్-450. 1976 నాటి మోడల్. యాంప్లిఫయర్, రేడియో ఒకే పెట్టెలో ఉండే రిసీవర్. వెండిరంగు ముఖం, చేతినిండా పట్టే వాల్యూమ్ నాబ్. తర్వాతి ట్రిప్పులో అదే కాలపు బెల్ట్ టర్న్‌టేబుల్ (బెల్టుతో తిరిగే రికార్డు ప్లేయర్) కూడా వచ్చింది. ఆరు నెలలుగా నా ఆదివారాలన్నీ వీటికే.

మా తమ్ముడు చూసి "పదిహేను వాట్లేనా?" అని నవ్వాడు. వాడింట్లో డబ్బా మీద రెండు వేల వాట్లు పీఎంపీఓ (క్షణకాలపు గరిష్ఠం పేరుతో వేసే ప్రచారపు అంకె) అని ఉంటుంది, దాని అడాప్టర్ ఏమో అరవై వాట్లది! గోడలోంచి అరవై తీసుకొని రెండు వేలు ఎలా ఇస్తుందో వాణ్నే అడిగాను. 1970ల మొదట్లో అమెరికాలోనూ కంపెనీలు ఇలాగే అంకెలు పెంచి రాసేవి. 1974లో అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నిబంధన పెట్టాక, ఆగకుండా ఇవ్వగలిగిన వాట్లే చెప్పాల్సి వచ్చింది. నా పెట్టె ఆ తర్వాతది కాబట్టి దీని పదిహేను నిజం పదిహేనే. పదిహేనును ముప్పై చేసినా పెరిగేది 3 డెసిబెల్సే. మా 12 బై 14 గదిలో వాల్యూమ్ సగం దాటిస్తే మా ఆవిడ తలుపు వేసేస్తుంది.

మొదటి ఆదివారం ప్లగ్ పెట్టనేలేదు. ఇది 120 వోల్టులది, మన 230కి పెడితే అక్కడికక్కడే పోతుంది. వోల్టేజీ దించే 300 వీఏ స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కొన్నాను, 1,800 రూపాయలు. రెండు వైండింగులూ విడివిడిగా ఉన్నదే అడిగి తీసుకోండి, చవకగా దొరికే ఆటో ట్రాన్స్‌ఫార్మర్ వద్దు. ఆ తర్వాత సీరీస్ బోర్డు: 100 వాట్ల ఫిలమెంట్ బల్బును సీరీస్‌లో పెట్టి దాని ద్వారా కరెంటు ఇవ్వడం. బల్బు ఒక్కసారి వెలిగి మసకబారితే మంచిది, వెలుగుతూనే ఉంటే లోపల ఎక్కడో షార్ట్. ఎల్ఈడీ బల్బు దీనికి పనికిరాదు. ఈ రోజుల్లో ఫిలమెంట్ బల్బు దొరకబుచ్చుకోవడమే పెద్ద పని, నాలుగు షాపులు తిరిగాను.

నా బల్బు మసకబారింది. పాట వచ్చింది, దాంతోపాటు గరగర కూడా. నాబ్ తిప్పినప్పుడల్లా ఎండుటాకుల మీద నడిచినట్టు. కాంటాక్ట్ క్లీనర్‌ను వాల్యూమ్ కంట్రోల్ సందులో రెండు చుక్కలు కొట్టి, ఇటు నుంచి అటు ముప్పైసార్లు తిప్పితే పోయింది. తుప్పు వదిలించే మామూలు స్ప్రే మాత్రం కొట్టకండి.

తర్వాత నెలన్నర కండెన్సర్లతో గడిచింది. కరెంటును కాసేపు దాచి ఇచ్చే చిన్న డబ్బాలవి. వాటిలో ఎలక్ట్రొలైటిక్ రకంవి పాతబడితే లోపల ఎండిపోతాయి, స్పీకర్లో హమ్ అనే గుంయ్‌మనే మోత మొదలవుతుంది. సర్వీస్ మాన్యువల్లో ప్రతి భాగానికీ నంబరుంది, ముఖ్యమైన చోట్ల ఎంత వోల్టేజీ ఉండాలో కూడా వేశారు. ఆ జాబితా పట్టుకొని ఎలక్ట్రానిక్స్ విడిభాగాలు దొరికే కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లాను. కౌంటర్లో పెద్దాయన నేను పట్టుకెళ్లిన పాత కండెన్సర్‌ను చేతిలో తిప్పి చూశాడు. "గీ సైజు ఇప్పుడు రాదు సార్. ఇప్పుడొచ్చేటివన్నీ చిన్నగుంటయ్. వోల్టేజీ ఎక్కువున్నది పెట్టుకోండి, విలువ మాత్రం మార్చకుండ్రి." 105 డిగ్రీల వేడి తట్టుకునేవే ఇమ్మన్నాను.

ఒకటి ప్లస్-మైనస్ తారుమారు చేసి అతికాను. ఆన్ చేయగానే సీరీస్ బల్బు పెళ్లిపందిట్లో దీపంలా వెలిగింది. వెంటనే ఆపేశాను కాబట్టి ఏమీ పేలలేదు. అప్పటినుంచి ఒక్కొక్కటి తీయడానికి ముందు ఫోన్లో ఫొటో తీసుకుంటున్నాను. స్పీకర్లు కలిపేముందు ఆ టెర్మినల్స్ దగ్గర డీసీ (ఊగకుండా స్థిరంగా ఉండే వోల్టేజీ) ఎంతుందో మల్టీమీటర్‌తో చూడాలి, 50 మిల్లీవోల్టుల లోపుంటే భయం లేదు. నాకు ఎడమవైపు 18, కుడివైపు 31 వచ్చాయి.

దీని శబ్దమే గొప్పదని వాదించను. ఇప్పటి అయిదు వేల రూపాయల చిన్న యాంప్లిఫయర్ కొలతల్లో దీనికంటే శుభ్రంగా ఉండొచ్చు. కానీ నా పాత బ్లూటూత్ స్పీకర్లో బ్యాటరీ పోతే, జిగురుతో అతికించిన డబ్బా తెరవలేక షాపువాళ్లు "కొత్తది తీసుకోండి సార్" అన్నారు. దీనికి స్క్రూలు తీస్తే మూత చేతికొచ్చేస్తుంది. నాలాంటి వాడు కూడా బాగుచేయగలిగాడంటే నాకు అంతకంటే కావాల్సింది లేదు.

రేడియోలో 102.8 వివిధ్ భారతి చక్కగా పట్టింది, కాకపోతే పై స్వరాలు కొంచెం మూసుకుపోయినట్టున్నాయి. కారణం తెలిస్తే సరదాగా ఉంటుంది: ఎఫ్ఎంలో స్టేషన్ పెంచి పంపిన పై స్వరాలను రేడియో మళ్లీ తగ్గిస్తుంది, దాన్నే డీఎంఫసిస్ అంటారు. అది అమెరికాలో 75 మైక్రోసెకన్లు, మన దగ్గర 50. అందుకే ఈ అమెరికా పెట్టె మన స్టేషన్ల పై స్వరాలను కాస్త ఎక్కువే తగ్గిస్తోంది. ప్రస్తుతానికి ట్రెబుల్ కొంచెం పెంచి సరిపెట్టుకుంటున్నాను.

అసలు తమాషా టర్న్‌టేబుల్‌తో. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టులు మారుస్తుంది కానీ ఫ్రీక్వెన్సీని, అంటే కరెంటు సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో దాన్ని, మార్చదు. మోటారు వేగం దాని మీదే ఆధారపడుతుంది. ఈ మోటారు అమెరికా 60 హెర్ట్జ్ లెక్కన తిరిగేది, మన 50లో నిమిషానికి 33⅓కి బదులు 27.8 చుట్లే తిరిగింది. నాన్నగారి ఎల్పీ పెడితే ఘంటసాల గొంతు మూడు స్వరస్థానాలు కిందికి దిగి, నిద్రలో పాడుతున్నట్టు సాగింది. అమ్మ వంటింట్లోంచి వచ్చి "ఆయనకు జ్వరమొచ్చిందేమిట్రా?" అంది.

మోటారుకుండే పుల్లీని (బెల్టును తిప్పే చిన్న చక్రాన్ని) 1.2 రెట్లు పెద్దది చేయాలి. బాలానగర్‌లో లేత్ మిషన్ అతను 22 మిల్లీమీటర్లను 26.4 చేసి ఇత్తడిలో తీసిచ్చాడు. శ్రుతి సరిపోయింది, కానీ కాగితం మీద 180 గీతల స్ట్రోబ్ డిస్క్ (వేగం సరిగ్గా ఉంటే మన కరెంటు దీపం కింద గీతలు నిలిచిపోయినట్టు కనిపించే చక్రం) ప్రింట్ చేసి నియాన్ దీపం కింద పెడితే గీతలు నిలవలేదు, నిమిషానికి పాతికకు పైగా వెనక్కి జారుతున్నాయి. బెల్టు మందం మరిచిపోయాను! 0.6 మిల్లీమీటర్ల బెల్టును 22కు కలిపి, 1.2తో గుణించి, మళ్లీ 0.6 తీసేయాలి. 26.52 వస్తుంది. రెండో పుల్లీకి ఇంకో 700 అయ్యాయి. ఇప్పుడు గీతలు కదలడం లేదు.

అయితే పుల్లీ మీద నిమిషానికి 45 చుట్ల కోసం ఉండే రెండో మెట్టు కూడా ఇదే లెక్కన తీయమని చెప్పడం మరిచిపోయాను. నాన్నగారి సినిమా పాటల రికార్డుల్లో సగం ఆ వేగంతో తిరిగే చిన్న రికార్డులు, ఈపీలే. బాలానగర్‌కు మూడోసారి వెళ్లాలి, ఈసారి కొలతలు కాగితం మీద రాసుకొని.