బైపీసీ చదివి ప్రోగ్రామర్‌నయ్యాను

బీఫార్మసీ ఆఖరి ఏడాదిలో ఉన్న పిల్లలు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. "అక్కా, ఫార్మసీ వదిలేసి సాఫ్ట్‌వేర్‌లోకి ఎలా వెళ్లావు?" అని. నేను ఫార్మసీ వదల్లేదు. ఫార్మకాలజీ, అంటే మందులు ఒంట్లో ఎలా పనిచేస్తాయో చెప్పే చదువు, అవసరపడకుండా నా ఆఫీసు పని సాగే రోజంటూ లేదు. ఆ సంగతి కాస్త వివరంగా చెబితే ఇదే దారి చూస్తున్నవాళ్లకి అక్కరకొస్తుందని రాస్తున్నాను.

మాది ఖమ్మం జిల్లా. నాన్నకి మందుల షాపు. ఇంటర్ బైపీసీ చదివి, ఎంసెట్ కౌన్సెలింగ్‌లో బీఫార్మసీ సీటు తెచ్చుకున్నాను. మన దగ్గర పదో తరగతి అవగానే ఎంపీసీనా బైపీసీనా అని గీత గీసేస్తారు. ఇటువైపు వాళ్లకి లెక్కలు రావని, అటువైపు వాళ్లకి ఒంట్లో ఏ అవయవం ఏం చేస్తుందో అక్కర్లేదని ఊరంతా తీర్మానించేస్తుంది. ఆ గీతకి రెండు పక్కలా కాలు మోపగలిగిన మనుషుల కోసం హైదరాబాద్‌లోనే కంపెనీలు వెతుకుతున్నాయని కాలేజీలో ఉన్న నాలుగేళ్లలో మాకు ఎవరూ చెప్పలేదు.

2019లో చదువు పూర్తయింది. నా క్లాస్‌మేట్లలో కొందరు జీడిమెట్ల, పాశమైలారం, జడ్చర్ల వైపు మందుల ఫ్యాక్టరీల్లో నాణ్యత చూసే క్యూసీ, క్యూఏ ఉద్యోగాలకి వెళ్లారు. కొందరు జీప్యాట్ రాసి ఎంఫార్మసీలో చేరారు. ఒకమ్మాయి హెల్త్ ఇన్ఫర్మాటిక్స్‌లో ఎంఎస్ చేయడానికి అమెరికా వెళ్లింది. మాకు అంత అప్పు చేసే స్తోమత లేదు. నాన్న మాత్రం ఒక మాటన్నాడు: "షాపులో కూర్చోవడానికైతే డీఫార్మసీ చాలమ్మా. నువ్వు చదివింది ఎక్కడ పనికొస్తుందో చూసుకో."

చూశాను. మొదట మెడికల్ కోడింగ్. డాక్టరు రాసిన నోట్స్ చదివి జబ్బుకీ చికిత్సకీ సరైన కోడ్ వేస్తే, దాని మీద అమెరికాలో ఇన్సూరెన్స్ బిల్లు కదులుతుంది. అక్కడ 2015 అక్టోబరు 1 నుంచి ఐసీడీ-10 అనే కొత్త జబ్బుల కోడ్‌లు వచ్చాక పని ఇంకా సూక్ష్మమైంది. అనాటమీ బాగా వచ్చినవాళ్లకి తొందరగా ఉద్యోగం దొరికే చోటు ఇది. ఇంటికి వెంటనే జీతం కావాల్సినవాళ్లు ఇటు వెళ్లడం మంచిదే. రెండోది ఫార్మకోవిజిలెన్స్. మందు వల్ల ఎక్కడో ఒకరికి హాని జరిగిందన్న సమాచారం వస్తే దాన్ని చదివి, మందుకీ ఆ హానికీ సంబంధం ఉందా అని చూసి, గడువులోగా నియంత్రణ సంస్థకి చేర్చాలి. క్లినికల్ ట్రయల్‌లో, అంటే కొత్త మందుని మనుషుల మీద పరీక్షించేటప్పుడు, అనుకోని హాని ప్రాణం మీదికి వస్తే 7 రోజులు, ప్రాణాపాయం కాకపోయినా తీవ్రమైనదైతే 15 రోజులు గడువు. మా కాలేజీ సీనియర్ అక్క ఒకావిడ అక్కడే పని చేసేది. "నీకు ఒక్కో కేసు కంటే మొత్తం లెక్క ఎటు పోతోందో చూడటం ఇష్టంలా ఉంది. ట్రయల్స్ డేటా వైపు వెళ్లు, సాస్ నేర్చుకో," అని ఆవిడే చెప్పింది.

సాస్ అంటే 1976 నుంచి ఉన్న స్టాటిస్టిక్స్ సాఫ్ట్‌వేర్. మందుల కంపెనీలు దశాబ్దాలుగా దాన్నే వాడుతున్నాయి. ట్రయల్‌లో ఆస్పత్రుల నుంచి వచ్చే డేటా ఒక్కో చోట ఒక్కో తీరుగా ఉంటుంది. దాన్ని సీడిస్క్ అనే సంస్థ పెట్టిన ప్రమాణాల ప్రకారం ముందు అంతా ఒకే తీరుగా ఉండే ఎస్‌డీటీఎం రూపంలోకి, తర్వాత విశ్లేషణకి సిద్ధంగా ఉండే ఆడమ్ రూపంలోకి మార్చి, చివరికి టేబుళ్లు, లిస్టింగులు, గ్రాఫులు తీయాలి. 2016 డిసెంబరు 17 తర్వాత మొదలైన ట్రయల్స్ డేటాని కొత్త మందు అనుమతి కోసం పంపేటప్పుడు ఈ ప్రమాణాల్లోనే ఇవ్వాలని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ నిబంధన పెట్టింది. దాంతో ఈ పని తెలిసినవాళ్లకి గిరాకీ పెరిగింది.

అమీర్‌పేటలో కోచింగ్, ఎస్సార్ నగర్‌లో హాస్టల్. ఈ జీవితం గురించి చాలామంది రాశారు కాబట్టి నేను పొడిగించను. మా బ్యాచ్‌లో బీటెక్ వాళ్లు, ఎంఎస్సీ వాళ్లు, మాలాంటి ఫార్మసీ వాళ్లు, ఇద్దరు డెంటిస్టులు ఉన్నారు. సాస్‌లో మాకు నేర్పినవి ఇవీ: డేటా స్టెప్, మెర్జ్, ప్రాక్ సార్ట్, ప్రాక్ ఫ్రీక్, ప్రాక్ రిపోర్ట్, చివర్లో మాక్రోలు. లూపులూ మాక్రోలూ వచ్చినప్పుడు బీటెక్ వాళ్లు ముందుండేవాళ్లు. ల్యాబ్ డేటా తెరిచిన రోజు అందరూ మా బెంచీ వైపు తిరిగారు. ఏఎల్‌టీ అంటే ఏంటి, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పెరిగితే మంచిదా చెడ్డదా, బీపీలో పై అంకె సిస్టాలిక్ 80 ఉండి కింది అంకె డయాస్టాలిక్ 120 ఉంటే అది టైపింగ్‌లో తారుమారైందని ఎలా తెలుస్తుంది అని. సార్ ఆ రోజు నుంచి ఫార్మసీ వాళ్లనీ బీటెక్ వాళ్లనీ జంటలుగా కూర్చోబెట్టారు. నాకు కోడింగ్ నిజంగా వచ్చింది ఆ జంటలోనే.

2020 మార్చిలో లాక్‌డౌన్ పడింది. హాస్టల్ ఖాళీ చేసి ఇంటికి వచ్చేశాను. మందుల షాపు మాత్రం తెరిచే ఉండేది. దాని వెనక గదిలో ల్యాప్‌టాప్ పెట్టుకుని క్లాసులు వినేదాన్ని. కోచింగ్‌లో ఇచ్చేవన్నీ శుభ్రం చేసిన చిన్న చిన్న డేటాసెట్లు. అసలు ట్రయల్ ఎలా ఉంటుందో చూడాలంటే అందరికీ అందుబాటులో ఉన్నది ఒకటుంది: సీడిస్క్ పైలట్ డేటా. అల్జీమర్స్ రోగుల మీద జానోమెలిన్ అనే మందుని ప్యాచ్ రూపంలో పరీక్షించిన ట్రయల్ అది. మొత్తం 254 మంది. ప్లాసిబో, అంటే మందు లేని ఉత్తుత్తి ప్యాచ్ 86, తక్కువ డోసు 84, ఎక్కువ డోసు 84. ఉచితంగా దొరుకుతుంది, దానితోపాటు ఆ ట్రయల్ రిపోర్టు కూడా ఉంటుంది. అంటే మనం రాసిన ప్రోగ్రామ్ ఇచ్చిన అంకె సరైనదో కాదో మనమే సరిచూసుకోవచ్చు.

నేను దుష్ప్రభావాల టేబుల్‌తో మొదలుపెట్టాను. ప్రతి ఫిర్యాదుకీ మెడ్రా అనే నిఘంటువు ప్రకారం ఒక పదం, ఆ పదం ఏ అవయవ వ్యవస్థ కిందికి వస్తుందో ఒక శీర్షిక ఉంటాయి. మెడ్రాలో అలాంటి పెద్ద శీర్షికలు 27. నా టేబుల్‌లో దురద రెండు చోట్ల వచ్చింది. మామూలు దురద చర్మ సమస్యల కింద పడింది. ప్యాచ్ అతికించిన చోట దురద మాత్రం "సాధారణ సమస్యలు, మందు ఇచ్చిన చోటి సమస్యలు" అనే వేరే శీర్షిక కింద పడింది. ప్రోగ్రామ్‌లో ఏ లోపమూ లేదు, మెడ్రా తీరే అంత. కానీ చర్మం వరస ఒక్కటే చదివి వదిలేసేవాడికి ఈ ప్యాచ్ ఎంతమందిని ఇబ్బంది పెట్టిందో పూర్తిగా కనిపించదు. ట్రాన్స్‌డెర్మల్ ప్యాచ్ గురించి ఫార్మాస్యూటిక్స్‌లో చదువుకున్నాం కాబట్టి నా కళ్లు ముందు ఆ రెండో వరస మీదికే వెళ్లాయి. జానోమెలిన్ మెదడులోనే కాక చెమట గ్రంథుల్లో, కడుపులో కూడా ఉండే మస్కారినిక్ గ్రాహకాల మీద పనిచేస్తుంది కనుక చెమట, వికారం, వాంతులు ఎక్కడున్నాయా అని కూడా వెతికాను. ఏం వెతకాలో ముందే తెలిసి టేబుల్ తెరవడం ఎంత బలమో నాకు అక్కడ బోధపడింది.

ఇదే జానోమెలిన్‌ని ట్రోస్పియం అనే ఇంకో మందుతో కలిపి క్యాప్సూల్‌గా తయారుచేస్తే 2024 సెప్టెంబరులో ఎఫ్‌డీఏ స్కిజోఫ్రీనియా అనే మానసిక జబ్బుకి అనుమతి ఇచ్చింది. ట్రోస్పియం మెదడులోకి పెద్దగా పోదు. అందుకే మిగతా ఒంట్లో వచ్చే కడుపు ఇబ్బందుల్లాంటివాటిని అది అడ్డుకుంటే, జానోమెలిన్ మెదడులో తన పని తాను చేసుకుంటుంది. ఆ వార్త చదివిన రోజు పట్టలేనంత సంతోషం వేసింది.

ఉద్యోగం వెతికేటప్పుడు అందరికీ ఎదురయ్యేదే నాకూ ఎదురైంది. "ఫ్రెషర్ అని పెడితే ఎవరూ పిలవరు, మూడేళ్ల ఎక్స్‌పీరియన్స్ పెట్టిస్తాం, ఇంత ఇవ్వండి," అని ఒక కన్సల్టెన్సీ వాళ్లు ఫోన్ చేశారు. ఒప్పుకోలేదు. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో దొరికిపోతామన్న భయం ఒక కారణమే. అంతకంటే పెద్ద కారణం వేరు. మేం ఇచ్చే అంకెలు చూసి ఒక మందు మనుషుల్లోకి రావాలా వద్దా అని నిర్ణయిస్తారు. అబద్ధపు కాగితంతో ఆ గదిలోకి అడుగుపెట్టకూడదు. ఈ విషయంలో నా మాట కటువుగా ఉందని కొందరు అంటారు. అయినా సరే.

ప్రోగ్రామర్‌గా నేరుగా తీసుకోలేదు. 2021లో క్లినికల్ డేటా మేనేజ్‌మెంట్‌లో చేరాను. ఆస్పత్రులు నింపిన వివరాలు ఒకదానికొకటి పొసగుతున్నాయో లేదో చూసి, పొసగని చోట ప్రశ్న పంపాలి. ఒక పేషెంట్ పాత జబ్బుల్లో షుగర్ లేదు, వాడుతున్న మందుల్లో మెట్‌ఫార్మిన్ ఉంది. షుగర్ రాయడం మర్చిపోయారని అనుకోవచ్చు. కానీ ఆమె వయసు చూస్తే పీసీఓడీ అనే అండాశయాల సమస్య కూడా కావచ్చు, దానికీ ఈ షుగర్ మందు వాడతారు. ప్రశ్నలో "షుగర్ ఉందా" అని అడగకుండా "ఈ మందు ఎందుకు వాడుతున్నారో తెలపండి" అని రాశాను. పీసీఓడీ అనే జవాబు వచ్చింది. ఇలాంటివి చేత్తో వెతికి వెతికి, వీటిని పట్టే చెక్‌లు నేనే సాస్‌లో రాయడం మొదలుపెట్టాను. మేనేజర్ అది చూసి ప్రోగ్రామింగ్ టీమ్ ఇంటర్వ్యూకి నా పేరు పంపారు. అమీర్‌పేటలో కోర్సు చేసి కూడా ప్రోగ్రామర్ ఉద్యోగం దొరకలేదని బాధపడేవాళ్లకి నేను ముందు చెప్పేది ఈ దారే. డేటా మేనేజ్‌మెంట్‌లోంచి ప్రోగ్రామింగ్‌లోకి తలుపు ఉంది.

ఆ ఇంటర్వ్యూలో అడిగిన ఒక ప్రశ్న దగ్గర నేను కాస్త ఆగాలి. "ఒకరికి ఏఎల్‌టీ గరిష్ఠ పరిమితికి నాలుగు రెట్లుంది. బిలిరుబిన్ రెండున్నర రెట్లుంది. ప్రోగ్రామ్ ఎలా రాస్తావు?" ఏఎల్‌టీ, ఏఎస్‌టీ అంటే లివర్ కణాలు దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైమ్‌లు, బిలిరుబిన్ అంటే లివర్ బయటికి పంపాల్సిన పసుపు పదార్థం. కోడ్ కంటే ముందు నేను లివర్ గురించి మాట్లాడాను. హైమన్ జిమ్మర్‌మన్ అనే లివర్ నిపుణుడి గమనిక మీద ఆధారపడిన సూత్రం ఇది, ఆయన పేరు మీదే హైస్ లా అంటారు. ఏఎల్‌టీ లేదా ఏఎస్‌టీ మూడు రెట్లు, బిలిరుబిన్ రెండు రెట్లు దాటి, పిత్తం దారి అడ్డుపడితే పెరిగే ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైమ్ మాత్రం పెరగకుండా, హెపటైటిస్‌లాంటి వేరే కారణం కనపడకపోతే మందే లివర్‌ని గట్టిగా దెబ్బతీస్తోందని అనుమానించాలి. అలాంటివాళ్లలో పది మందిలో ఒకరికైనా ప్రాణం మీదికి రావచ్చు. ఇది తెలిస్తేనే ప్రోగ్రామ్‌లో రెండు పరీక్షల తేదీల మధ్య ఎంత వ్యవధి ఒప్పుకోవాలి, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ వరస ఎందుకు కలపాలి అన్న ఆలోచన వస్తుంది. బిలిరుబిన్ సాధారణంగా ఏఎల్‌టీ తర్వాత పెరుగుతుంది. ఒకే రోజు రక్తపరీక్షలోనే రెండూ ఉండాలని షరతు పెడితే అసలు కేసే జారిపోవచ్చు.

అందులోనే ఇంకో మెలిక ఉంది. సాస్‌లో అంకె లేని ఖాళీని అన్ని అంకెల కంటే చిన్నదిగా లెక్కిస్తారు. "పరిమితి కంటే తక్కువుంటే నార్మల్" అని ఒక్క వాక్యం రాస్తే, పరీక్షే చేయించుకోని మనిషి కూడా నార్మల్ జాబితాలో చేరిపోతాడు. రక్తం తీయనివాడి లివర్ బాగుందని మనం ఎలా అంటాం? షాపు కౌంటర్ దగ్గర పెరిగినదాన్ని కాబట్టి కాబోలు, ఆ ఖాళీ గడి నాకు ఎప్పుడూ ఒక మనిషిలాగే కనిపిస్తుంది.

మందు ఒంట్లోకి ఎలా చేరి ఎలా బయటికి పోతుందో చెప్పే ఫార్మకోకైనెటిక్స్ కూడా అంతే. మందు ఆపాక ఎన్ని రోజుల వరకు వచ్చిన దుష్ప్రభావాన్ని మందు ఖాతాలో రాయాలో ట్రయల్ నియమాల పత్రమైన ప్రోటోకాల్ చెబుతుంది, చాలా ట్రయల్స్‌లో 30 రోజులుంటుంది. హాఫ్ లైఫ్ అంటే ఒంట్లో మందు సగానికి తగ్గే సమయం. అలాంటివి ఐదు గడిస్తే ఒంట్లోంచి దాదాపు 97 శాతం మందు పోతుందని మూడో ఏడాదిలో చదివినదాన్ని, హాఫ్ లైఫ్ వారాల్లో ఉండే యాంటీబాడీ మందు ట్రయల్‌కి ఆ 30 రోజులు ఎందుకు సరిపోవో మీటింగ్‌లో చెప్పగలిగాను.

ఇప్పుడు ఆర్ అనే ప్రోగ్రామింగ్ భాష కూడా నేర్చుకుంటున్నాను. ఆడమ్ డేటాసెట్లు చేయడానికి రోష్, జీఎస్‌కే అనే మందుల కంపెనీల వాళ్లు కలిసి మొదలుపెట్టిన అడ్మిరల్ అనే ప్యాకేజీ ఉచితంగా దొరుకుతుంది, దానిలో ఉదాహరణలు చాలావరకు అదే జానోమెలిన్ ట్రయల్ డేటా మీద ఉంటాయి. సాస్ ఇప్పట్లో పోదని నా నమ్మకం, కానీ కొత్తగా మొదలుపెట్టేవాళ్లు రెండూ చదవాలి. సాస్ నేర్చుకోవడానికి కూడా ఆన్‌డిమాండ్ ఫర్ అకడమిక్స్ ఖాతా ఉచితమే. బ్రౌజర్‌లో నడుస్తుంది, పాత ల్యాప్‌టాప్ చాలు. కోచింగ్‌లో చేరేముందు డెమో క్లాసులో రెండు ప్రశ్నలు అడగండి: ఆస్పత్రులు పేషెంట్ వివరాలు నింపే కేస్ రిపోర్ట్ ఫారం ఇచ్చి ఎస్‌డీటీఎం మ్యాపింగ్ మా చేత చేయిస్తారా, డేటాని ఎలా విశ్లేషించాలో చెప్పే స్టాటిస్టికల్ ప్లాన్ మా చేత చదివించి టేబుల్ కట్టిస్తారా అని. సూటిగా అవునని చెప్పకపోతే ఫీజు కట్టకండి. ఆ డబ్బు దాచుకుని, పైలట్ డేటా తెరిచి, దుష్ప్రభావాల టేబుల్‌తో మొదలుపెట్టండి. మూడో ఏడాది ఫార్మకాలజీ నోట్స్ పక్కనే ఉంచుకోండి, అమ్మేయకండి.