సిమ్యులేషన్‌లో 165, ల్యాబ్‌లో 3

ఎలక్ట్రానిక్స్ ల్యాబ్ ఇంటర్నల్ పరీక్ష ఇవాళే అయింది. ఒళ్లు ఇంకా మండుతూనే ఉంది.

సర్క్యూట్ అందరికీ తెలిసిందే. బీసీ547 ట్రాన్సిస్టర్‌తో కామన్ ఎమిటర్ యాంప్లిఫయర్, అంటే చిన్న సిగ్నల్‌ని పెద్దది చేసేది: 12 వోల్టుల సప్లై, బేస్‌కి 47కె, 10కె (కె అంటే కిలో ఓమ్) రెసిస్టర్ల డివైడర్, కలెక్టర్‌లో 3.3కె, ఎమిటర్‌లో 1కె, దానికి ప్యారలల్‌గా, సిగ్నల్‌కి ఆ 1కెని తప్పించి దారి ఇచ్చే 100 మైక్రోఫ్యారడ్ల బైపాస్ కెపాసిటర్. ముందే ఎల్‌టీస్పైస్ అనే సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్‌లో గీసి రన్ చేశా. 1 కిలోహెర్ట్జ్ దగ్గర గెయిన్, అంటే సిగ్నల్ ఎన్ని రెట్లు పెరిగిందన్నది, 165. అక్కడ పెద్ద కథేం లేదు.

బ్రెడ్‌బోర్డ్ మీద కట్టి మల్టీమీటర్ పెడితే బేస్ 2.1, ఎమిటర్ 1.4, కలెక్టర్ 7.4 వోల్టులు. లెక్క సరిపోయింది. జనరేటర్ అంత చిన్న సిగ్నల్ ఇవ్వదు కాబట్టి 10కె, 100 ఓమ్‌లతో తగ్గించి, పీక్ టు పీక్ 10 మిల్లీవోల్టులు ఇచ్చా. ఆసిలోస్కోప్‌లో అవుట్‌పుట్ 32 మిల్లీవోల్టులు, అంటే గెయిన్ 3.2! అదీ నాయిస్‌తో బొచ్చుబొచ్చుగా.

సార్ వచ్చి చూసి, బ్యాచ్ అంతా వినేలా "సిమ్యులేషన్‌లో అందరూ ఇంజినీర్లేనయ్యా" అన్నారు. అందరూ నవ్వారు. ట్రాన్సిస్టర్ మార్చమన్నారు, మార్చా. మళ్లీ అదే 32. "ప్రోబ్ పట్టుకోవడం ఎవరు నేర్పారు నీకు?" అని ఇంకోటి. పక్క టేబుల్ వాడేమో "165 వేసెయ్‌రా, ఎవడు చూస్తాడు" అని సలహా. రీడింగులు వండి రాసినవాళ్లు ముందే సంతకం పెట్టించుకుని క్యాంటీన్‌లో కూర్చున్నారు. మన ల్యాబుల్లో నిజం కొలిచినవాడికే టెన్షన్.

కానీ 3.2 అన్న అంకె ఊరికే రాదు కదా. 3.3కెని 1కెతో, ట్రాన్సిస్టర్ లోపలి ఎమిటర్ రెసిస్టెన్స్ 18 ఓమ్‌లతో కలిపి భాగించి చూడండి, అదే వస్తుంది. అంటే బైపాస్ లేనట్టే లెక్క! కెపాసిటర్ ఉన్నా లేకున్నా డీసీ వోల్టేజీలు మారవు, అందుకే మల్టీమీటర్‌కి అంతా బాగానే కనిపించింది. ల్యాబ్ పీసీలో ఆ కెపాసిటర్ తీసేసి రన్ చేస్తే సరిగ్గా 3.2.

"సార్, కెపాసిటర్ పోయింది" అన్నా. "దానికేమవుతుందయ్యా" అన్నారు. అసిస్టెంట్ అన్న అయితే తన డబ్బాలో సరుకుని అన్నందుకు నొచ్చుకుని, నిన్నటి బ్యాచ్‌కి పనిచేసిందే అన్నాడు. మాట్లాడకుండా నా బ్యాగులోంచి కొత్తది తీసి పాతదాని పక్కనే గుచ్చా. స్క్రీన్ మీద వేవ్ ఒక్కసారిగా లేచింది, 1.5 వోల్టులు. గెయిన్ 150. 165కీ దానికీ ఉన్న తేడా రెసిస్టర్ల టాలరెన్స్‌కీ, మోడల్‌కీ వదిలేయొచ్చు.

వైవాలో, ఇన్‌పుట్ పెంచితే వేవ్ కింద సూదిగా, పైన గుండ్రంగా ఎందుకవుతుందని అడిగారు. కరెంటు బేస్ వోల్టేజీతో ఎక్స్‌పొనెన్షియల్‌గా పెరుగుతుంది కాబట్టి అన్నా. దానికి జవాబు చెప్పింది బ్యాచ్‌లో నేనొక్కణ్నే. అయినా టైమ్ దాటిందని మార్కులు కోశారు.

అసిస్టెంట్ అన్న ఆ చచ్చిన కెపాసిటర్‌ని మళ్లీ అదే డబ్బాలో వేశాడు. తర్వాతి బ్యాచ్ వాళ్లు కోఠీ గుజరాతీ గల్లీలో సొంతవి కొనుక్కుని వెళ్లండి.