సోలో 401(కె)కి 5500-ఈజెడ్ ఫైల్ చేశాను: నా అనుభవం

అమెరికాలో నాకో చిన్న ఎస్ కార్ప్ (లాభం మీద పన్ను కంపెనీ బదులు యజమానులే కట్టే తరహా కంపెనీ) ఉంది. కార్ప్-టు-కార్ప్ కాంట్రాక్టులు, అంటే నా కంపెనీ పేరుతో వేరే కంపెనీలకు పని, చేస్తాను. జీతం తీసుకునేది నేనూ మా ఆవిడా మాత్రమే, ఇద్దరికీ కలిపి ఒకటే సోలో 401(కె) (వేరే ఉద్యోగులు లేని సొంత కంపెనీవాళ్లు పెట్టుకునే రిటైర్మెంట్ పొదుపు ప్లాన్). పాత ఉద్యోగంలోని 401(కె) డబ్బు కూడా 2024లో ఇందులోకి రోలోవర్ చేశాను. ఆ ఏడాది మార్కెట్ కూడా బాగా పెరగడంతో డిసెంబర్ 31 నాటికి ప్లాన్ మొత్తం 2,50,000 డాలర్లు దాటింది. అది దాటితే ఐఆర్ఎస్‌కు (అమెరికా పన్నుల శాఖకు) ప్లాన్ తరఫున ఏటా ఫారం 5500-ఈజెడ్ అనే రిటర్న్ వెయ్యాలి.

మా సీపీఏ (అకౌంటెంట్) గారిని అడిగితే "అది మీ టాక్స్ రిటర్న్‌లో భాగం కాదండీ, ప్లాన్ అడ్మినిస్ట్రేటర్ వెయ్యాలి" అన్నారు. ఆ అడ్మినిస్ట్రేటర్ ఎవరా అని అడాప్షన్ అగ్రిమెంట్ (ప్లాన్ పెట్టినప్పటి ఒప్పందం) తీసి చూస్తే మా కంపెనీ పేరే ఉంది. అంటే నేనే! ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఇలాంటివన్నీ కంపెనీ వాళ్లు చూసుకునేవారు కాబట్టి ఈ ఫారం పేరు కూడా మన చెవిన పడదు. సోలో ప్లాన్‌కు మాత్రం ఖాతా ఉన్న బ్రోకరేజీ సంస్థ స్టేట్‌మెంట్ ఇస్తుంది, అంతే.

లెక్క విషయంలో జాగ్రత్త. నా ఖాతా, మా ఆవిడ ఖాతా, ప్రీటాక్స్ (పన్నుకు ముందు వేసినది), రాత్ (పన్ను కట్టాక వేసినది) అన్నీ కలిపి చూడాలి. విడివిడిగా చూస్తే ఏదీ హద్దు దాటినట్టు కనిపించదు. సెప్ ఐఆర్ఏ (సొంత వ్యాపారం వాళ్లు వాడే మరో రకం రిటైర్మెంట్ ఖాతా) ఉన్నవాళ్లకు మాత్రం ఈ గొడవే లేదు.

ఐఆర్ఎస్ ఫారమే అయినా ఆన్‌లైన్లో వెయ్యాల్సింది లేబర్ డిపార్ట్‌మెంట్ వారి ఈఫాస్ట్2 వెబ్‌సైట్లో. పెళ్లి మనింట్లో, భోజనాలు పక్కింట్లో అన్నట్టుంది వ్యవహారం. కాగితం మీద వేసి యూటాలోని ఆగ్డెన్‌కు పోస్టులోనూ పంపొచ్చు. కానీ చేరిందో లేదో అన్న టెన్షన్ ఎందుకని నేను ఆన్‌లైన్లోనే వేశాను. లాగిన్.గవ్ (ప్రభుత్వ సైట్ల ఉమ్మడి లాగిన్) ఖాతాతో లోపలికి వెళ్తే అందులోని ఐఫైల్‌లో ఉచితంగా నింపొచ్చు.

ఫారం చిన్నదే. సమయమంతా పాత కాగితాలు వెతకడానికే పోయింది. ప్లాన్ పూర్తి పేరు, అది మొదలైన తేదీ, కంపెనీ ఈఐఎన్ (ఐఆర్ఎస్ ఇచ్చే గుర్తింపు సంఖ్య) కావాలి. ప్లాన్ నంబరు మాది 001. ప్లాన్ పెట్టి ఏళ్లయినా మొదటిసారి వేస్తున్నాం కాబట్టి 'ఫస్ట్ రిటర్న్' గడిలో టిక్ పెట్టాను. ప్లాన్ లక్షణాలకు కోడ్‌లుంటాయి: ప్రాఫిట్ షేరింగ్‌కు 2ఈ, 401(కె)కి 2జె, ముందే ఆమోదం పొందిన ప్లాన్‌కు 3డి. రోలోవర్ సొమ్మును ఆ ఏడాది కాంట్రిబ్యూషన్లతో కలపకుండా విడిగా 'అదర్స్' వరుసలో చూపించాలి.

డిసెంబర్‌తో ఏడాది ముగిసే మా ప్లాన్‌కు గడువు తర్వాతి జులై 31. ఫారం 5558 వేస్తే అక్టోబర్ 15 దాకా పొడిగింపు దొరుకుతుంది. గడువు దాటితే జరిమానా రోజుకు 250 డాలర్లు, గరిష్ఠంగా 1,50,000. సెక్యూర్ చట్టానికి (రిటైర్మెంట్ పొదుపుల చట్టానికి) ముందు ఇది రోజుకు 25 డాలర్లే ఉండేది. సొంత డబ్బు దాచుకున్న వాళ్ల మీద, పైసా పన్ను బాకీ లేని కాగితానికి ఇంత జరిమానా అన్యాయమనే నా అభిప్రాయం. పాత ఏళ్లవి వెయ్యకుండా వదిలేసినవాళ్లకు ఒక దారి ఉంది. ఐఆర్ఎస్ జరిమానా నోటీసు రాకముందే ఫారం 14704 జతచేసి కాగితం మీద పంపితే ఒక్కో రిటర్న్‌కు 500 డాలర్లు, ఒక ప్లాన్‌కు మొత్తం 1,500 మించకుండా కట్టి బయటపడొచ్చు.

ఇండియాకు తిరిగి వెళ్లిపోతూ ప్లాన్ మూసేసే మిత్రులు ఒకటి గమనించాలి. ఖాతాలో ఎంత తక్కువున్నా సరే, మూసిన ఏడాదికి 'ఫైనల్ రిటర్న్' తప్పదు. పైగా అప్పుడు జులై 31 లెక్క వర్తించదు. డబ్బంతా మార్చిలో ఐఆర్ఏకి (వ్యక్తిగత రిటైర్మెంట్ ఖాతాకు) మార్చేస్తే ప్లాన్ ఏడాది మార్చిలోనే ముగిసినట్టు, గడువు అదే ఏడాది అక్టోబర్ 31.