అమ్మ పట్టుకున్న బ్రేకు

ఆదివారం. ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు తిని, చేయి పంచెకు తుడుచుకుని సైకిలు ముందర కూర్చున్నా.

పోయిన వారం కర్నూలు పక్కన జగన్నాథగట్టు కొండ దిగేటప్పుడు, లివరు హ్యాండిలుకు ఆనేదాకా నొక్కినా బండి నిలవలేదు. 23 కిలోల కరెంటు సైకిలు, పైన నేను. కాళ్లు ఈడ్చి ఆపుకున్నా. చెప్పు మడమ అరిగిపోయింది. మోటారుకు గంటకు 25 కిలోమీటర్ల వేగం దగ్గర కళ్లెముంది, దిగుడుకు ఏముంది? ప్యాడ్లు కొత్తవి వేసినా అదే తీరు.

మొదట లివరుతో సహా ఆయిలు బ్రేకే వేద్దామనుకున్నా. కానీ పాత లివరులో కటాఫ్ స్విచ్చుంది, బ్రేకు పట్టగానే మోటారుకు కరెంటు ఆగిపోతుంది. లివరు మారిస్తే అదీ పోతుంది. నేను ఆపుతుంటే మోటారు తోస్తుంటే ఇంకేమన్నా ఉందా! అందుకే లివరూ కేబులూ అట్లే ఉంచి కింద ప్యాడ్లతో డిస్కును పట్టే కాలిపర్ ఒక్కటే మార్చినా. పైన కేబులు లాగితే దాని పొట్టలోని ఆయిలు రెండు ప్యాడ్లనూ తోస్తుంది. 160 మిల్లీమీటర్ల డిస్కు తీసి 180ది పెట్టినా, ఫోర్కుకు అంత పెద్దది పడుతుందని చూసుకున్నాకే. ఇరుసు నుంచి అంచు ఒక సెంటీమీటరు జరిగిందంతే, అదే చేతి బలానికి ఎనిమిదో వంతు పట్టు ఎక్కువ. డిస్కు బోల్టులు ఆరు, వరసగా కాకుండా ఎదురెదురుగా బిగించాల.

కాలిపర్‌ను డిస్కుకు నడిమధ్యన కూర్చోబెట్టాలంటే దాని బోల్టులు వదులు చేసి, లివరు నొక్కి పట్టి, అప్పుడు బిగించాల. నాకు మూడో చేయి లేదు.

"అమ్మా, ఇది పట్టుకో. చెప్పేదాకా ఇడవొద్దు."

"పప్పు పొయ్యి మీద ఉందిరా."

పట్టుకుంది. సరిగ్గా అప్పుడే రెండో బోల్టు జారి మంచం కిందికి దొర్లింది. నేను మంచం కింద, అమ్మ లివరు దగ్గర.

"ఇడుద్దునా?"

"ఉండమ్మా!"

"మీ నాయన సైకిలుకు రెండు రబ్బరు ముక్కలేస్తే ఏడాది దాని మొగం చూసే పని లేకుండె."

చక్రం తిప్పి బ్రేకు పడితే కీచుమని ఊరంతా వినపడేలా అరుపు. వెనక తెల్లకాగితం పెట్టి చూసినా, సందు రెండు పక్కలా సమానమే. అప్పుడు కనపడింది డిస్కు మీద నా బొటనవేలి ముద్ర, బజ్జీ నూనెతో, గీతలతో సహా. తెలివి ఉపయోగించి శానిటైజరుతో తుడిచినా. దాంట్లో జిడ్డు గ్లిజరిన్ ఉంటుందని ఆ తర్వాత గుర్తొచ్చింది. చివరికి మొబైల్ రిపేరు కుర్రాడి దగ్గర ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అడుక్కొచ్చి, డిస్కు తుడిచి, ప్యాడ్లను ఎమెరీ పేపరు మీద రుద్దితే అరుపు తగ్గింది. ఈలోగా పప్పు అడుగంటింది.

సాయంత్రం కె.సి. కాలువ పక్కన వేగం అందుకోవడం, బ్రేకుతో నెమ్మదించడం, మళ్లీ అందుకోవడం, ఇరవై సార్లు. కొత్త ప్యాడు పొర డిస్కుకు పట్టాలంటే ఇట్ల చేయక తప్పదు. మొదట జారినట్టే ఉండె, పది దాటినాక కొరకడం మొదలుపెట్టింది. తర్వాత జగన్నాథగట్టు ఎక్కి దిగినా, రెండు వేళ్లతోనే.

వెనక బ్రేకు పాతదే. ఆ చక్రంలో మోటారుంది, విప్పాలంటే వైరు ఊడదీయాల. వచ్చే ఆదివారం చూస్తా.

ఇంటికొచ్చేసరికి అమ్మ మణికట్టుకు అమృతాంజనం రాసుకుంటోంది.